డాక్టరమ్మ చెప్పిందన్న మాత్ర

నేను బుదైయా వెళ్లింది ఊరు చూడటానికి కాదు, ఒక పేజీ వ్యాసం కోసం. బహ్రెయిన్‌లో వైద్యం నాలుగో ఏడు చదువుతున్నాను. స్త్రీల వైద్య విభాగంలో ఆరు వారాల శిక్షణకు మా తరగతి నుంచి ఇద్దరినే తీసుకుంటారు. ఎందుకు చేరాలనుకుంటున్నామో ఒక పేజీలో రాసివ్వాలి. నా కారణం నాకు పన్నెండేళ్లప్పుడే దొరికింది. మా నాన్న ఇక్కడ నిర్మాణ కంపెనీలో ఫోర్‌మన్. అమ్మకు అప్పట్లో నెలలో సగం రోజులు రక్తం పోయేది. అమ్మకు అరబ్బీ రాదు, ఇంగ్లీషు రాదు. క్లినిక్‌లో మాట అందించడానికి హిందీ తెలిసిన మగమనిషిని పిలిస్తే, అమ్మ తల వంచుకుని కడుపునొప్పి అని మాత్రం చెప్పింది. చివరికి ఆరో తరగతి పిల్లని, నేనే నోరు తెరిచి అసలు సంగతి చెప్పాను. తెలుగులో చెప్పుకోగలిగే ఆడ డాక్టరు ఒకరుండాలని, ఆ ఒకరు నేనే కావాలని అప్పుడే అనుకున్నాను. ఈ ముక్కే రాసి చూపిస్తే మా ప్రొఫెసరమ్మ చదివి, "ఇది మీ అమ్మ కథ. మిగతా ఆడవాళ్లతో ఎప్పుడైనా కూర్చుని మాట్లాడావా?" అని అడిగింది. లేదు. నాకు కాస్త పౌరుషం వచ్చింది కూడా.

బుదైయా విల్లాల్లో ఇంటిపని చేసే కోస్తా ఆడవాళ్లు శుక్రవారం పొద్దున మంగతాయారు గారి ఇంట్లో కుంకుమపూజకు చేరతారు. ఆవిడ బట్టలు కుడతారు, కింద కుట్టుగది, పైన కాపురం. మా అమ్మకు పరిచయమే. ఏడున్నరకు బుసైతీన్‌లో బస్సెక్కాను. అక్కడి నుంచి మనామా, మనామాలో బస్సు మారి బుదైయా రోడ్డు. నగదు ఇస్తే ఒక్కో బస్సుకు మూడు వందల ఫిల్సులు పడింది. శుక్రవారం బస్సులు పలచన కాబట్టి మనామాలో అరగంటకు పైగానే నిలబడ్డాను. రెండో బస్సు డ్రైవరు నా ఫోనులో తెలుగు విని, "ఏ ఊరు బిడ్డా?" అన్నాడు. జగిత్యాల అని, ఇక్కడ డాక్టరు చదువుతున్నానని చెప్పాను. ఆయనది ఆర్మూరు.

"దుబాయిల డాక్టరు సదువు సదువుతున్నవా! మా ఇంటిదానికి ఒకటే తల తిరుగుడు. ఏం గోలి ఎయ్యాలె?"

బహ్రెయిన్‌ని దుబాయి అన్నందుకు నవ్వుకుని, ఠక్కున ఒక మాత్ర పేరు చెప్పేశాను. ఆవిడ వయసెంతో, బీపీ ఉందో లేదో కూడా అడగలేదు. ఇప్పుడు తలచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఈతచెట్ల తోటలు, మొక్కల నర్సరీలు దాటాక ఎత్తు గోడల విల్లాలు మొదలయ్యాయి. తొమ్మిదింపావుకు చేరేసరికి పూజ అయిపోయి పులిహోర పెడుతున్నారు. పదకొండు మంది ఉన్నారు. అందరికీ పదిహేను రోజులకొక శుక్రవారమే సెలవు. అమ్మ ముందే చెప్పింది, "ఉట్టిగ అడిగితే సిగ్గుపడతరు బిడ్డా, తినుకుంట అడుగు" అని. అలాగే పళ్లెం పట్టుకుని కూర్చుని, మాకు మొదటి రోజే నేర్పే ప్రశ్న అడిగాను. నెలసరి కిందటిసారి ఎప్పుడొచ్చింది?

గది గొల్లుమంది. "శుక్రవారం మట్టుకు రాదండి మాకు!" అని ఒకావిడ అంటే మిగతావాళ్లు పళ్లేలు కింద పెట్టి మరీ నవ్వారు. నాకు అర్థం కాలేదు. మంగతాయారు గారు అలమర తెరిచి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. నిండా నెలసరి ఆపే మాత్రల అట్టలు! ఊరెళ్లి వచ్చే ప్రతి మనిషీ ఆవకాయతో పాటు తెచ్చి ఇందులో వేస్తుందట. కావలసినవాళ్లు తీసుకుంటారట. నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

"ఎందుకండీ ఇన్ని?" అంటే ఇందాక అందరినీ నవ్వించినావిడే అందుకుంది.

"బయట చేరితే పూజకి రాకూడదు కదమ్మా. రాకపోతే ఏం చేస్తాం? పనిచేసే ఇంట్లోనే ఉండిపోవాలి. కంటికి కనబడితే సెలవని చూస్తారా? యల్లా, బట్టలు మడత పెట్టు, యల్లా, పిల్లని ఎత్తుకో. నెలకి రెండు రోజులమ్మా మాకు. అందులో ఒకటి పోతే ఇంకేం మిగిలింది?"

"ఎన్నాళ్లుగా వాడుతున్నారు?" అని అడిగాను. ఒకరు ఆర్నెల్లంటారు, ఒకరు ఏడాదంటారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇవి డాక్టరు చూడకుండా ఇలా వాడకూడదని, ఎవరు చెప్పారు మీకు ఈ బుద్ధిలేని సలహా అని గట్టిగానే అన్నాను.

మంగతాయారు గారు నా మొహంలోకి విచిత్రంగా చూశారు.

"అదేంటమ్మా అలా అంటావ్? నువ్వేగా చెప్పావు!"

మూడేళ్ల కిందట మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. నేను అప్పుడే మొదటి సంవత్సరంలో చేరి, తెల్లకోటు ఇస్త్రీ చేసుకుని మురిసిపోతున్న రోజులు. వంటింట్లో ఎవరో అడిగారు, వ్రతానికి మాత్ర వేసుకోవచ్చా అని. "ఏం కాదు ఆంటీ, వేసుకోండి" అన్నాను. మందుల పుస్తకం అప్పటికి తెరిచి కూడా ఎరగను. ఆ అడిగిన మనిషి మంగతాయారు గారు! నేను చేతులు కడుక్కునే లోపే మరిచిపోయిన మాట ఇక్కడ మూడేళ్లుగా కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ డబ్బాతో పాటు అందుతోంది. డాక్టరమ్మ చెప్పింది, భయం లేదు.

ఇంకా తేరుకోలేదు, గోడవారగా ఒక కాలు చాపుకుని కూర్చున్న సత్యవతి గారు "అబ్బా" అన్నారు. మొగల్తూరు దగ్గర మనిషి, నలభై ఉంటాయేమో. "ఈవిడకి వారం నుంచి పిక్క వాచిందమ్మా" అంటూ మంగతాయారు గారు కొబ్బరినూనె వెచ్చబెట్టి తెచ్చి, పిక్క మీద చెయ్యి వెయ్యబోయారు.

"ముట్టుకోకండి!" అని అరిచాను. ఆవిడ చేతిలో గిన్నె జారి నూనె చాప మీద ఒలికింది.

ఒక కాలే వాచింది. ఎర్రగా, వేడిగా ఉంది. "మెట్లెక్కితే ఆయాసం వస్తోందండి, ఎండదెబ్బేమో" అన్నారు సత్యవతి గారు. ఎన్నాళ్లుగా మాత్రలు వేసుకుంటున్నారని అడిగాను. "ఆపితే ఎప్పుడొస్తుందో లెక్క అందట్లేదండి. అందుకని అసలు ఆపలేదు. ఎనిమిది నెలలైంది." ఈ మాత్రలు అన్నేసి నెలలు ఆపకుండా వేసుకుంటే కొందరికి రక్తం గడ్డకట్టవచ్చు. కాలి నరంలో రక్తం గడ్డకడితే, దాన్ని పిసికితే ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కొంత అప్పటికే పోయిందేమో. అంబులెన్సుకు ఫోను చేయబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"వద్దమ్మా. మేడమ్‌కి తెలిస్తే జబ్బుమనిషి అని ఖలాస్, ఇంటికి పంపించేస్తుంది. మా అమ్మాయి నర్సింగు ఇంకో ఏడాది ఉందమ్మా."

అయినా చేశాను. నా జన్మలో అంత సేపు దేనికీ ఎదురుచూడలేదు. గడియారంలో మాత్రం పదిహేను నిమిషాలే అయింది.

ఎమర్జెన్సీలో బహ్రెయినీ లేడీ డాక్టరు ఏ మందులు వాడుతున్నారని అడిగింది. నేను తెలుగులో అడిగితే సత్యవతి గారు తల అడ్డంగా ఊపారు. "మందులేం లేవండి." నేను బిత్తరపోయాను. ఆవిడ దాచడం లేదు. ఆవిడ లెక్కలో అది మందు కాదు, పూజకు వేసుకునేది. ఆ గదిలో తెలుగు తెలిసింది మా ఇద్దరికే. ఆవిడ అన్నది అన్నట్టు ఇంగ్లీషులో చెప్పి ఊరుకుంటే నా పేరు ఎక్కడా బయటికి రాదు. ఆ ఆలోచన నాకు వచ్చింది. రాలేదని అబద్ధం రాయను.

మాత్ర పేరు, రోజుకెన్ని, ఎన్ని నెలలు, అన్నీ చెప్పాను. "ఎవరు రాసిచ్చారు?" అంది డాక్టరు. "రాసివ్వలేదు. ఏం కాదని నేను చెప్పాను" అన్నాను. ఆవిడ నా మెడలోని విద్యార్థి కార్డు చదివి, కాగితం నా వైపు తోసింది. "అయితే అది నువ్వే రాయి." రాశాను.

స్కానింగులో తేలింది. పిక్కలో గడ్డ, ఊపిరితిత్తిలో చిన్న ముక్క. అంతా ఈ మాత్ర వల్లే అని ఇప్పుడే చెప్పలేమని, ఇంకో వారం ఇలాగే తిరిగి ఉంటే మాత్రం మనిషి దక్కేది కాదేమోనని డాక్టరు చెప్పింది. రక్తం పలచబడే మందు మొదలుపెట్టారు. మధ్యాహ్నం సత్యవతి గారి మంచం పక్కన కూర్చుని, అప్పుడు నాకేమీ తెలియకుండానే చెప్పానని, తప్పు నాదేనని ఏడ్చాను. ఆవిడే నా వీపు నిమిరారు.

"నువ్వు చెప్పకపోయినా వేసుకునేదాన్నేమోనమ్మా. కాకపోతే ఎక్కడో అనుమానం పడి మధ్యలో ఆపేదాన్ని. నువ్వు చెప్పావని ధైర్యంగా వేసుకున్నాను."

తిడితే బాగుండుననిపించింది.

మేడమ్ ఆవిడను పంపించలేదు, మూడు వారాలు విశ్రాంతి ఇచ్చింది. ఆ తర్వాత వాళ్లు కలిసే శుక్రవారం మళ్లీ బుదైయా వెళ్లి, ఎవరెవరు ఎలా ఆపాలో డాక్టరును అడిగి తెచ్చిన కాగితం చదివి వినిపించాను. మంగతాయారు గారు అంతా విని, "అయితే బయట చేరినవాళ్లు ఎక్కడికి పోవాలి?" అన్నారు. తర్వాత ఆవిడే కింద కుట్టుగదిలో చాపలు పరిచారు. పూజ పైన, భోజనాలు అందరికీ కింద. ఆ రోజు పూజ జరుగుతుంటే నలుగురు కుట్టుమిషన్ల మధ్య కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. వ్యాసం మళ్లీ రాశాను. అమ్మ కథ తీసేసి ఇది పెట్టాను. ఆ ఇద్దరిలో నేనుంటానో లేదో తెలియదు. ఉండకపోయినా స్త్రీల వైద్యమే చదువుతాను. ఇదివరకు అది నా కోరిక, ఇప్పుడు దాని మీద నాకు భయం కూడా ఉంది.

మీరూ వైద్య విద్యార్థులై ఇలాంటి చోటికి వెళ్తుంటే ఒక్క సలహా. మందులేం వాడుతున్నారని అడిగి ఆగకండి, పూజకని, ప్రయాణమని వేసుకునేవి కూడా చూపించమనండి. నేను కుట్టుగదిలో అలా అడిగాను. చాప మీద పదిహేడు రకాల అట్టలు పడ్డాయి. "ఇది మంచిదేనా అమ్మా?" అని ఒకావిడ ఒకటి చేతికిచ్చింది. "నాకు తెలియదు పిన్నీ" అన్నాను. పిన్ని ఆ అట్ట వెనక్కి తీసుకుని, చేతిసంచిలో పడేసి, "అయితే తెలిసేదాకా వేసుకోను" అంది.