పైడిరాజును తెచ్చుకోవడానికి రెండోసారి రంగూన్

రెండోసారి రంగూన్‌కు నేను ఊరు చూడటానికి వెళ్లలేదు, ఒక మనిషిని వెనక్కి తెచ్చుకోవడానికి వెళ్లాను. విజయనగరంలో ఒక చిన్న నాటక సమాజంలో హార్మోనియం వాయించడం నా పని. కొన్నేళ్ల కిందట మా సమాజం రంగూన్ వెళ్లి, బియ్యం మిల్లులు జోరుగా నడిచే సీజనంతా అక్కడ నాటకాలాడింది. రేవు కూలీలు, మేస్త్రీలు, గుమాస్తాలు, అందరూ మన జిల్లాల వాళ్లే, హాలు నిండిపోయేది. వాళ్లు వచ్చేది పైడిరాజు కోసం. రాజు వేషం కట్టి అతను పద్యం ఎత్తుకుంటే, నేను వాయించడం మానేసి వినేవాణ్ణి. సీజను అయ్యాక మేమంతా ఓడెక్కాం, పైడిరాజు ఎక్కలేదు. హాలు పక్కన టిఫిన్ అమ్మే బర్మా అమ్మాయిని పెళ్లి చేసుకుని అక్కడే ఉండిపోయాడు. మొదట్లో కబుర్లు వచ్చేవి, తర్వాత అవీ ఆగిపోయాయి. ఇక్కడ మా నాటకాలకు జనం పలచబడ్డారు. సమాజం మూసేస్తానని యజమాని అన్నప్పుడు పైడిరాజును తీసుకొస్తానని నేను మాటిచ్చాను. ఇంకొక్క ఏడాది చూద్దామని ఆయన ఒప్పుకున్నాడు.

మాఘమాసంలో బయలుదేరాను. విశాఖపట్నంలో ఓడ ఒడ్డుకు రాదు, దూరంగా లంగరేసి ఉంటుంది. పడవలో వెళ్లి తాడునిచ్చెన పట్టుకుని ఎక్కాలి, కాబట్టి సామాను తక్కువుంటేనే మేలు. డెక్కు టిక్కెట్టు పదిహేను రూపాయల లోపే. చాప, దుప్పటి, నీళ్లకు మూత ఉన్న కూజా, అటుకులు, బెల్లం ఉంటే చాలు. ఎక్కగానే వంటశాల పొగ తగలని చోట చాప పరుచుకోవాలి. నాలుగో రోజు ఉదయం సముద్రం రంగు మారి బురద నీళ్లు వచ్చాయంటే నదిలో ప్రవేశించామన్న మాట. కాసేపటికి ష్వేడగాన్ బౌద్ధాలయం బంగారు శిఖరం కనిపిస్తుంది. మొదటిసారి దాన్ని చూసి మా వాళ్లంతా రెయిలింగు దగ్గర గుమిగూడి నిలబడ్డారు. ఈసారి నా పక్కన మిల్లు పనికి వస్తున్న కుర్రకారు ఉన్నారు. వాళ్లూ అలాగే నిలబడ్డారు. నాకు మాత్రం దాని కింద ఉన్న ఊళ్లో ఒక్క మనిషి ఎక్కడున్నాడో అన్నదే ఆలోచన.

రేవు బయట స్ట్రాండు రోడ్డు మీద లాంచాలు వరసగా ఉంటాయి. లాంచా అంటే మనిషి లాగే రెండు చక్రాల బండి, లాగేవాళ్లలో చాలామంది మన తెలుగువాళ్లు. నా లాంచా అతనిది టెక్కలి దగ్గర పల్లె. బేరం ముందే తెగ్గొట్టుకోండి, కానీ మరీ గీచి గీచి బేరమాడకండి, ఆ ఎండలో వాళ్లు పరుగెత్తే తీరు చూస్తే మీకే మనసొప్పదు. మా నాటకాలాడిన హాలుకు పోనియ్యమన్నాను. అతను వెనక్కి తిరిగి చూశాడు.

"నాటకాలేటి బాబూ ఇప్పుడు? బయస్కోపు ఆడతంది అక్కడ. ఆటకి వేళవనేదు, తలుపులేసుంటాయి."

తలుపులు తీసే ఉన్నాయి. లోపల మేం తెరలు కట్టిన చోట గోడకు తెల్ల గుడ్డ బిగించి ఉంది. ఖాళీ కుర్చీల మధ్య ఒక నడివయసు మనిషి వయొలిన్ శ్రుతి చేసుకుంటున్నాడు. బొమ్మ ఆడుతున్నంతసేపూ తెర పక్కన కూర్చుని వాయించేది అతనే, మనీలా నుంచి వచ్చినవాడు, పేరు ఫెలిపే. నాకు వచ్చిన కొద్ది ఇంగ్లీషుతో పైడిరాజు గురించి అడిగాను. పేరు చెప్పగానే వయొలిన్ ఒళ్లో పెట్టుకున్నాడు. తెలుగు సమాజాలు రావడం మానేశాక పైడిరాజు ఈ హాల్లోనే బొమ్మకు ముందు ఒకటి రెండు పద్యాలు పాడేవాడట. తర్వాత జనం బొమ్మే కావాలన్నారు, హాలువాళ్లు వద్దన్నారు. ఇప్పుడు పజుండాంగ్‌లో బియ్యం మిల్లులో పని చేస్తున్నాడని, ఒంట్లో బాగాలేదని చెప్పాడు.

నేను అతన్ని వెతుక్కుంటూ సముద్రం దాటి వచ్చానని తెలిసి, ఫెలిపే నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. తన కథ చెప్పాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఒక ఓడ బ్యాండులో చేరి, అప్పట్లో తమ దేశాన్ని ఏలుతున్న స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ వెళ్లాడట. అక్కడొక కాఫీ హోటల్లో ఒక చలికాలమంతా వాయించాడు. వాళ్ల పాటలు నేర్చుకుని మనీలా తెచ్చుకుని ఇరవై ఏళ్లకు పైగా వాయించుకున్నాడు. పెద్ద యుద్ధం అయ్యాక మళ్లీ వెళ్లే అవకాశం వచ్చింది. వీధులన్నీ ఉన్నాయి, ఆ హోటలూ ఉంది. అతను ఆ పాటలే వాయిస్తే అక్కడి కుర్రవాళ్లు నవ్వారట, ఇవి మా తాతల నాటివి, నువ్వు ఏ దేశం వాడివి అని అడిగారట. "వాళ్ల పాటలు నేను ఇంతకాలం దాచిపెట్టాను, వాళ్లు ఎప్పుడో పారేశారు," అన్నాడు. కోపంగా కాదు, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. ఆ తర్వాత తన దేశం కూడా వెళ్లకుండా, దారిలో రంగూన్‌లోనే ఆగిపోయాడట.

మర్నాడు ఉదయం ట్రాములో పజుండాంగ్ వెళ్లాను. ట్రాము దిగి వాగు వైపు నడిస్తే మిల్లుల గొట్టాలు కనిపిస్తాయి. సీజనులో అక్కడి గాలంతా ఊక ధూళే. చెట్ల ఆకుల మీదా, గుడిసెల కప్పుల మీదా, మనుషుల కనురెప్పల మీదా అదే. వెళ్లేవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. మన వాళ్ల గుడిసెల వరసలో అడిగితే చివరి ఇల్లు చూపించారు. గుమ్మంలో పైడిరాజు భార్య మ తిన్ మొహింగా వండుతోంది, చేపల పులుసులో బియ్యపు సేమ్యా వేసే బర్మా టిఫిన్ అది. మ అనేది అక్కడ ఆడవాళ్ల పేరుకు ముందు మర్యాదగా చేర్చే మాట. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడింది, లోపలికి దారిచ్చింది.

అతను చాప మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మనిషి సగమైపోయాడు.

"ఏటి సూరన్నా, నువ్వేనా? పెట్టి తేనేదేటి?" అన్నాడు. పెట్టి అంటే నా హార్మోనియం.

పక్కన ఎవరో నిద్రపోతున్నారని గుసగుసగా మాట్లాడుతున్నాడనుకున్నాను. ఇంట్లో మరెవరూ లేరు. ఇప్పుడతని గొంతే అంతని అర్థమవడానికి కొంతసేపు పట్టింది. హాల్లో పాట పోయాక మిల్లులో ఊక తూర్పారపట్టే చోట పని దొరికిందట. మొదటి సీజనులో గొంతు బొంగురుపోయింది, రెండో సీజనులో దగ్గు పట్టుకుంది. ఇప్పుడు పనికి కూడా పోవడం లేదు, మ తిన్ వంటతోనే ఇల్లు గడుస్తోంది. ఇవన్నీ ఆమే చెప్పింది, అతను మధ్యలో తల ఊపుతూ విన్నాడు. ఆమె తెలుగు పూర్తిగా పైడిరాజు తెలుగే, అతని దగ్గరే నేర్చుకుంది.

నేను ఎందుకొచ్చానో చెప్పలేకపోయాను. అతనే అడిగాడు. సమాజం సంగతి చెప్పాను.

"పద్యం పోయాక నాను ఆ ఊరొచ్చి ఏటి సేస్తాను? సూసినోలంతా పాడమంటారు."

పాడనక్కర్లేదు, ఊరికే ఉందువు గాని రమ్మన్నాను.

"ఊరికే ఉండనిస్తారేటి?" అని నవ్వబోయాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. మ తిన్ వచ్చి తువ్వాలు అతని నోటికి అడ్డం పెట్టింది. ఆ తువ్వాలు నేను చూడకుండా మడిచేసింది గానీ, దాని మీది ఎర్ర మరక నాకు కనబడింది.

ఆ వారమంతా నేను రోజూ ట్రాములో వెళ్లి వచ్చేవాణ్ణి. ఒకరోజు ముగ్గురం ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరు నన్ను ఒక్కణ్ణి పక్కకు పిలిచి, వానలు వచ్చేదాకా ఉంటే గొప్ప అన్నాడు. నేను బయటికొచ్చి, మంచి గాలి తగిలితే తగ్గుతుందట అని వాళ్లిద్దరికీ చెప్పాను. పైడిరాజు నమ్మినట్టే ఉన్నాడు. ఇంటికొచ్చాక మ తిన్ నన్ను వాగు ఒడ్డుకు తీసుకెళ్లింది. అన్నయ్యను బర్మావాళ్లు అకో అంటారు, ఆమె నన్నలాగే పిలిచేది. మగవాళ్ల పేరుకు ముందు కో అని చేరుస్తారు, భర్తను కో రాజు అనేది.

"అకో, డాక్టరేటన్నాడో నాకు తెలిసిపోనాది. అయినా కో రాజుని తీసుకెల్లిపో. ఈ ఊకలోన పోకూడదు. ఆల ఊరిగాలి పీల్సుకోని పోనీ."

నువ్వూ రమ్మన్నాను. ఆమె నీళ్ల వైపు చూస్తూ, "మీ ఊల్లోన నన్ను ఇంటిలోకి రానిస్తారేటి?" అంది. రానిస్తారని చెప్పడానికి నోరు తెరిచాను. పైడిరాజు వాళ్ల వీధి, వాళ్ల మనుషులు నాకు తెలుసు. నోరు మూసుకున్నాను. ఆమె దానికి బాధపడినట్టు కూడా కనిపించలేదు, ముందే తెలిసిన సంగతి మరోసారి విన్నట్టు ఊరుకుంది.

పైడిరాజును ఒప్పించింది ఆమే, ఏం చెప్పి ఒప్పించిందో నాకు తెలియదు. ఒకరోజు నేను వెళ్లేసరికి అతను గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఓడ ఎప్పుడని అడిగాడు. ఆ తర్వాతి రోజుల్లో కొంచెం తేరుకున్నాడు కూడా. మన ఊళ్లో ఎవరెవరున్నారు, ఎవరు పోయారు, ఇంటి వెనక మామిడిచెట్టు కాస్తోందా అని అడిగేవాడు. మ తిన్ వింటూ అతని బట్టలు సర్దేది. ఆ రోజుల్లో నేనూ ఆశపడ్డాను. డాక్టర్లు అన్నీ సరిగ్గానే చెప్తారా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఓడ మధ్యాహ్నం పోటుకు బయలుదేరుతుంది, కానీ డెక్కు ప్రయాణికులను పొద్దున్నే రమ్మంటారు. ముగ్గురం లాంచాల్లో రేవుకు వెళ్లాం. రేవు గేటు దగ్గర డెక్కువాళ్లను వరసగా నిలబెట్టి, అంటురోగాలేమైనా ఉన్నాయేమోనని డాక్టరు ఒక్కొక్కరినీ చూసి లోపలికి పంపుతాడు. ఆ రోజు జనం విపరీతంగా ఉన్నారు. చాపా, మూటలూ నా దగ్గర, అతని దుప్పటి మూట కూడా నా దగ్గరే. అతను నా వెనక, సాగనంపడానికి వచ్చిన మ తిన్ కొంచెం దూరంగా ఆడవాళ్లు నిలబడేచోట. వెనకనుంచి తోసుకొస్తుంటే నేను ముందు వెళ్లాను. డాక్టరు నా నాలుక చూసి, మెడ మీద చెయ్యి పెట్టి పంపేశాడు. గేటు దాటి తిరిగి చూసేసరికి పైడిరాజు దగ్గు ఆపుకుంటూ నిలబడి ఉన్నాడు. డాక్టరు చెయ్యి అతని మెడ మీద ఎక్కువసేపు ఉంది. దగ్గు ఆగలేదు. డాక్టరు రెండడుగులు వెనక్కి వేసి ఏదో అన్నాడు, పోలీసు అతన్ని భుజం పట్టి వరసలోంచి తప్పించాడు.

నేను వెనక్కి రాబోయాను. తనిఖీ అయినవాళ్లు మళ్లీ జనంలో కలవకూడదని గేటు గుమాస్తా అడ్డుపడ్డాడు. అతను నాతో వస్తున్నవాడని, నేనూ దిగిపోతానని, టిక్కెట్టు వదిలేసుకుంటానని చెప్పాను. ఆ గుమాస్తా కూడా కసాయివాడేమీ కాదు, చేతులు పట్టుకుని మరీ చెప్పాడు, నా ఉద్యోగం పోతుంది బాబూ అని. ఆ మాట అవుతుండగానే వరస నన్ను ఓడ మెట్ల మీదికి నెట్టేసింది.

డెక్కు మీదనుంచి వాళ్లిద్దరూ కనిపించారు. గేటు బయట గోడ నీడలో అతన్ని కూర్చోబెట్టి, ఆమె తువ్వాలుతో విసురుతోంది. నన్ను చూసి అతను లేచాడు. నోటికి ఇరువైపులా చేతులు పెట్టుకుని ఏదో అన్నాడు. మళ్లీ అన్నాడు. అతని పెదవులు కదలడం తప్ప ఒక్క ముక్క నాకు చేరలేదు. వినబడిందన్నట్టు నేను తల ఊపాను. అంతకంటే ఏం చేయాలో తోచలేదు. అతను చేతులు దించి కూర్చున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది దుప్పటి మూట. మెట్లు తీయబోతుంటే, దిగుతున్న ఒక మన కూలీకి దాన్నిచ్చి, గోడ దగ్గర కూర్చున్నవాళ్లకివ్వమని బతిమాలాను. అతను ఇచ్చాడో లేదో చూసేలోపే ఓడ తిరిగింది, మధ్యలో గిడ్డంగి అడ్డం వచ్చింది.

ఇంటికొచ్చాక యజమానికి విషయం చెప్పాను. సమాజం మూతపడింది. వానలు తగ్గాక రంగూన్‌నుంచి వచ్చిన ఒక మేస్త్రీ, పైడిరాజు ఆషాఢంలో పోయాడని, వాగు ఒడ్డునే దహనం చేశారని, మ తిన్ ఆ ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయిందని చెప్పాడు. నేను అతన్ని తెచ్చుకోలేకపోయాను. నేను వెళ్లకపోతే అతను ఆశ పెట్టుకోకుండానే పోయేవాడు కదా అని కూడా అనిపిస్తుంది. ఒకసారి సుఖంగా గడిపి వచ్చిన ఊరు మనం వదిలిపెట్టినచోటే ఆగి మన కోసం చూస్తూ ఉంటుందనుకుంటాం. అది ఎక్కడా ఆగదు. మనవాళ్లను తనతోపాటు తీసుకుని, మనకు తెలియని దారిన పోతూ ఉంటుంది. రంగూన్ అందమైన ఊరు, వెళ్లేవాళ్లను వద్దనను. నేను మాత్రం ఇక వెళ్లను.

ఇక మీకు చెప్పాల్సింది ఒకటే. ఒంట్లో బాగాలేని మనిషిని అక్కడినుంచి తీసుకొస్తుంటే, రేవు గేటు దగ్గర ఎంత తోపులాట ఉన్నా అతన్ని మీ ముందు నిలబెట్టుకోండి. ఆపేస్తే, మీరు ఇంకా అతనున్న వైపే ఉంటారు.