కోల్డ్ స్టోరేజీ ముందు మా బ్యాండు

మిర్చి యార్డుకి విరాళం అడగడానికి వెళ్తే ముందు తుమ్ములొస్తాయి, ఆ తర్వాతే మాటలొస్తాయి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మిరప సీజన్లో, అలా తుమ్ముకుంటూనే గుంటూరు యార్డులో ఎన్ని కమీషన్ కొట్లు ఎక్కి దిగానో నాకే గుర్తులేదు. మా పల్లెటూరి హైస్కూలుకి బ్యాండు కావాలి. పక్క ఊరి కాన్వెంటు పిల్లలు పంద్రాగస్టున డ్రమ్ములు కొడుతూ మా బడి ముందునుంచే పోయారు. అది చూసినప్పటి నుంచి మా హెడ్మాస్టరు గారికి నిద్ర పట్టలేదు. డ్రిల్లు మాస్టారు బదిలీ మీద వెళ్లిపోయాడు. ఆ పని సైన్సు చెప్పుకునే నా నెత్తిన పడింది. ఎందుకయ్యా అంటే, "మీకు నోరుందమ్మా, అడగ్గలరు" అన్నారు. నోరున్నందుకు అంత శిక్ష పడిన ఆడదాన్ని నేనే అయ్యుంటాను.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగినా పెట్టనివాళ్లు ఎంతమందో ఆ సీజన్లో చూశాను. జిన్నింగు మిల్లు యజమాని కూల్‌డ్రింకు ఇప్పించి, పత్తి ధర పడిపోయిన సంగతి గంటసేపు చెప్పి పంపేశాడు. పురుగుమందుల షాపాయన పిల్లల టోపీల మీద మందు డబ్బా బొమ్మ వేయిస్తే ఇస్తానన్నాడు. ఆ మందు తాగి పోయిన రైతుల పిల్లలు నా తరగతిలోనే ముగ్గురున్నారు. ఆయన్ని ఏమన్నానో ఇక్కడ రాయను గానీ, మెట్లు దిగుతుంటే చెప్పు తెగింది, దాన్ని చేత్తో పట్టుకునే బస్టాండుకి నడిచాను.

చివరికి ఒక మిర్చి వ్యాపారి ఒప్పుకున్నాడు. మనిషి మంచివాడే, ఈ మాట ఇప్పటికీ అంటాను. టిక్కీలు, అదే మిర్చి బస్తాల మధ్య నాకు కుర్చీ వేయించి, "పెద్ద డ్రమ్ము మీద మా కొట్టు పేరు రాయించండి టీచరు గారూ, చాలు" అన్నాడు. జూన్‌లో ఏడు డ్రమ్ములు, నాలుగు బ్యూగిళ్లు, తెల్ల యూనిఫారాలు వచ్చాయి.

డ్రమ్ములొచ్చాక గానీ కొట్టేవాళ్లు లేరని తెలియలేదు. పిల్లలు వాయిస్తుంటే రేకుల షెడ్డు మీద వడగళ్లు పడుతున్నట్టుండేది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతెకి మాత్రం కర్రలు పట్టుకోగానే చెయ్యి తిరిగింది. రెండోరోజుకి మిగతావాళ్లకి తనే నేర్పుతోంది. వాళ్ల నాన్న పెళ్లిళ్లలో బ్యాండు మేళం కొడతాడు. ముహూర్తాలు లేనప్పుడు మిరప కోతలకి పోతాడు.

ఆ సంగతి తెలిసిన వారానికి ఆయనే బడికొచ్చాడు. వరండా ఎక్కకుండా కిందే నిలబడితే, పైకి రమ్మని రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

"పాప డ్రమ్ము కొడతందంట గదమ్మా."

"అవునండీ. మీ అమ్మాయి లేకపోతే మాకు బ్యాండే లేదు."

ఆయన నవ్వలేదు. "జెండా ముందర కొట్టనీయండమ్మా, నాకూ సంతోషమే. ఎవరి గుమ్మం ముందరా మాత్రం వద్దు. ఆ బతుకు నాతో పోవాలనే దాన్ని బడికి పంపుతన్నా."

"నాదీ పూచీ" అన్నాను. అంత తేలిగ్గా అనేశాను.

పంద్రాగస్టున ఆ పిల్ల ముందు నడిచింది. ఆయన గేటు బయట సైకిలు పట్టుకుని నిలబడి, అయిపోయేదాకా చూసి వెళ్లాడు. లోపలికి రమ్మని కబురు చేసే సరికి లేడు.

ఫిబ్రవరిలో మా దాత గుంటూరు శివార్లలో కొత్త కోల్డ్ స్టోరేజీ కట్టాడు. ప్రారంభోత్సవానికి మన బ్యాండు రావాలన్నాడు. హెడ్మాస్టరు గారు కాదనలేకపోయారు. నేను అనగలిగేదాన్ని, నోరుందని కదా నన్ను పెట్టింది. కానీ వచ్చే ఏడాది ఇంకో నాలుగు డ్రమ్ములిస్తాడన్న ఆశ. ఇల్లు కాదుగా, వ్యాపారమేగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తండ్రిని అడగలేదు. అడిగితే వద్దంటాడని తెలుసు, అందుకే అడగలేదు.

ట్రాక్టరులో వెళ్లాం. రోడ్డు దగ్గర్నుంచి కోల్డ్ స్టోరేజీ దాకా వ్యాపారి కారు ముందు పిల్లలు వాయిస్తూ నడిచారు. గుమ్మం దగ్గర ఆగి వాయిస్తుంటే, ఆయన బావమరిది హుషారుగా ముందుకొచ్చాడు. యాభై రూపాయల నోటు తీసి బావగారి తల చుట్టూ మూడుసార్లు తిప్పాడు. పెళ్లిళ్లలో మేళం వాళ్లకి అలాగే దిష్టి తీసి పడేస్తారు. మేళం వాళ్లు వాయిస్తూనే వంగి తీసుకోవాలి. నోటు తెచ్చి ఆ పిల్ల కాళ్ల ముందు పడేశాడు. పదకొండుమంది పిల్లలుంటే సరిగ్గా ఆ పిల్ల ముందే.

"ఒరేయ్, ఇది మన మేళం వాడి కూతురేరా! మా చెల్లెలి పెళ్లికి వీళ్ల నాన్నేగా కొట్టింది. చూడు చెయ్యెట్టా తిరుగుతందో! ఏమ్మాయ్, తీసుకో."

అందరూ నవ్వారు. మా పిల్లలు కూడా కొందరు నవ్వారు. ఆ అమ్మాయి వంగలేదు, ఆపలేదు. ఎదురుగా గోడకేసి చూస్తూ కొడుతూనే ఉంది. మధ్యలో ఒకసారి కళ్లు తిప్పి నన్ను చూసింది.

నేను వెళ్లి ఆ నోటు తీశాను. తీసి ఆ బావమరిది మొహాన కొట్టి, పిల్లల్ని ట్రాక్టరెక్కించి ఉంటే ఈ రోజు ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. మడిచి ఆ పిల్ల చొక్కా జేబులో పెట్టాను. "ఉంచుకో, గైడు కొనుక్కుందువు గానీ" అన్నాను, నవ్వుతూ. పురుగుమందులాయన మీద లేచిన నోరు ఆ రోజు లేవలేదు. ఎందుకంటే ఇతను మాకు డ్రమ్ములిచ్చాడు.

ఇంటికొచ్చేటప్పుడు ఆ పిల్ల ట్రాక్టరు తొట్టిలో ఓ మూల కూర్చుంది. దిగేముందు ఆ నోటు నా చేతిలో పెట్టింది. "నాన్న చూస్తే బాగోదు టీచర్" అంది. ఆ మాటలో కోపమన్నా లేదు.

మర్నాటి నుంచి బడికి రాలేదు. వారం చూసి వాళ్లింటికి వెళ్లాను. ఇంటి ముందు మూటలు కట్టి ఉన్నాయి. ఆయన నులకమంచం వాల్చి, తుండుతో దులిపి కూర్చోమన్నాడు. జరిగింది మేళంలో ఎవరో చెప్పారట. నేను క్షమాపణ చెబుదామని నోరు తెరిచేలోగా ఆయనే చేతులు జోడించాడు.

"మీ మీద కోపం లేదమ్మా. మీరు ఆ నోటు తీసి ఆడి మొహానే కొట్టారంట గదా. పాప చెప్పింది. మా కోసం అట్టా నిలబడినోళ్లని నేనెప్పుడూ చూళ్లేదు. కానీ మీలాంటోళ్లు పక్కనుండగానే ఇసిరారంటే, ఈ చుట్టుపక్కల దాన్ని ఇంకెవరు కాపాడతారు? పిడుగురాళ్లలో మా తోడల్లుడు సున్నపుబట్టీలో చేస్తన్నాడు. ఆడికే పోతన్నాం. అక్కడ మేం మేళం వాళ్లమని ఎవరికీ తెలవదు. అక్కడే బళ్లో ఏస్తా."

ఆ పిల్ల తలుపు పక్కన నిలబడి ఉంది. నేను తలెత్తితే, ఏం చెప్పొద్దన్నట్టు చిన్నగా తల అడ్డంగా ఊపింది. పద్నాలుగేళ్ల పిల్ల నా పరువు కాపాడింది. నేను కాపాడించుకున్నాను. "పర్వాలేదులెండి, నాదేముంది" అన్నాను. ఆయన వీధి చివరిదాకా వచ్చి సాగనంపాడు.

కొత్త బళ్లో చేరాలంటే మా బడి నుంచి టీసీ తీసుకెళ్లాలి. జూన్‌లో బడి తెరవగానే నేనే ఆ పిల్ల టీసీ రాసి, హెడ్మాస్టరు గారి చేత సంతకం పెట్టించి, అడిగిన వెంటనే ఇవ్వడానికి నా సొరుగులో ఉంచాను. దసరా సెలవులు వచ్చాయి, సంవత్సరం పరీక్షలూ అయిపోయాయి. టీసీ కోసం ఎవరూ రాలేదు.