అద్దాల మేస్త్రి మోకాళ్ళ నడక

అద్దాల మేస్త్రిని పెళ్ళాం ఇంట్లో మోకాళ్ళ మీద నడిపిస్తోందన్న మాట పాలబూత్ దగ్గర పుట్టింది. అక్కడినుంచి ఇస్త్రీ బండి దాకా వచ్చేసరికి ఆవిడ చేతిలోకి గరిటె వచ్చింది. వీధి చివరికి చేరేసరికి ఆ గరిటె కర్రయింది, మేస్త్రి కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. మందుల షాపు దగ్గర ఇంకో కథ నడిచింది. అద్దాలు కోసే వజ్రపు ముక్క ఎక్కడో జారిపోయిందట, మొగుడూ పెళ్ళాలు మూడు రోజులుగా నేలంతా గాలిస్తున్నారట. చూసినవాడు ఒకడైతే చెప్పేవాళ్ళు పదిమంది. ఆ పదిమందిలో చూసినవాడు ఉండడు.

మోకాళ్ళ మీద నడిచిన మాట నిజమే. గరిటె ఉన్న మాటా నిజమే. మిగిలిందంతా అల్లిక. ఆ మోకాళ్ళ వెనక నాలుగు నెలల తిప్పలున్నాయి. అవి తెలియకుండా నవ్వడం అన్యాయం. తెలిశాక నవ్వొస్తే అది వేరే సంగతి.

మేస్త్రి ముప్ఫై ఏళ్ళుగా అద్దాలు కోస్తున్నాడు. సెలూన్‌లో గోడ అద్దం, బట్టల షాపు షోకేసు, పెళ్ళికూతుళ్ళ బీరువా తలుపు, ఈ వీధిలో ఎవరు ముఖం చూసుకున్నా అది ఆయన చేతి చలవే. వేళ్ళ మీద తెల్లటి గాట్లు ఎన్నున్నాయో ఆయనకే తెలియదు. ఆయనకొక పంతం ఉంది. అద్దం మీద గుడ్డ పడకూడదు. బండి ఎక్కించేటప్పుడు బొంత చుట్టాలి, దించగానే విప్పాలి. బిగించిన అద్దానికి తెర కట్టడమంటే వంటంతా చేసి మూత తీయకుండా పస్తు పడుకోవడమేనంటాడు. అందుకే ఆ ఇంట్లో ఒక్క కిటికీకీ పరదా లేదు. హాల్లో కుడి గోడ నిండా నమూనా అద్దాలే, పూల అంచువి, పొగరంగువి, గీతలవి. పని చెప్పడానికి వచ్చినవాళ్ళు వాటిలో ఒకదాని మీద వేలు పెట్టి ఇదే కావాలంటారు. నేల నున్నటి పలకలు, మధ్యలో బల్ల కూడా గాజుదే. ఆ ఇంట్లో ఎవరికీ కళ్ళు తుడుచుకోవడానికి కూడా చాటు దొరకదు.

టీవీ ఉన్న గోడకు మాత్రం నమూనాలు లేవు. నేలనుంచి కప్పుదాకా ఒకటే అద్దం, దాని ముందు టీవీ. అది భార్య కోసం పెట్టింది. నాలుగేళ్ళ కిందట విషజ్వరం వచ్చి ఆవిడ ఎడమ చెవి పూర్తిగా పోయింది. సోఫాలో కూర్చుంటే వీధి గుమ్మం వీపు వెనక పడుతుంది. ఎవరైనా లోపలికొచ్చి భుజం తడితే ఉలిక్కిపడేది. మేస్త్రి రెండుసార్లు చూశాడు. మూడోసారి ఆ అవసరం రాకుండా ఎదురుగా అద్దం బిగించేశాడు. ఇప్పుడు ఎవరొచ్చినా ఆవిడకు ముందే కనిపిస్తారు. ఎందుకు పెట్టావని ఆవిడ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

సాయంత్రం ఏడింటికి ఇద్దరూ కలిసి ఏదో ఒక సినిమా చూడడం పెళ్ళైన కొత్తలోంచీ ఉన్న అలవాటు. ఎండలో నిచ్చెనెక్కి దిగే మనిషికి ఆ రెండు గంటల మీదే ప్రాణం. అలాంటిది ఈ ఏడాది మొదట్లో ఆవిడ సినిమా మధ్యలో లేచి, రెండిళ్ళ అవతలున్న చెల్లెలి ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఏదో పనుందనుకున్నాడు. ఒకరోజు వెనకాలే వెళ్ళి తొంగిచూస్తే, అక్కడ కూర్చుని అదే సినిమా చూస్తోంది.

అడిగితే దాచలేదు. "మనింట్లో సినిమావాళ్ళు నీళ్ళ డ్రమ్ములో తల పెట్టి మాట్లాడుతున్నట్టుంటుంది. అక్కడ ప్రతి ముక్కా తెలుస్తుంది," అంది.

చెల్లెలి ఇంట్లో ఉన్నది బుడ్డ టీవీ. దాని మూల విరిగితే టేపు అంటించారు. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. పెళ్ళాం మరో ఇంటికి పోవడం ఒక బాధ, టేపు టీవీ కోసం పోవడం ఇంకో బాధ. ఏది పెద్దదో ఆయనే తేల్చుకోలేకపోయాడు.

మర్నాడే స్పీకర్ల షాపుకెళ్ళాడు. షాపాయన ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి సినిమా వేసి చూపించాడు. ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, ఉరుములూ డప్పులూ లాంటి బరువు శబ్దాలకు విడిగా ఒక పెద్ద పెట్టె, దాన్ని సబ్‌వూఫర్ అంటారట. మాటలన్నీ మధ్య స్పీకర్‌లోంచే వస్తాయని, దాన్ని చెవి ఎత్తులో పెట్టుకుంటే చాలని చెప్పాడు. నిజంగానే ఆ గదిలో గుసగుస కూడా తెలిసింది. మేస్త్రి కళ్ళు మాత్రం గోడల మీదే ఉన్నాయి. గోడలకు దళసరి గుడ్డ తొడిగి ఉంది, కింద తివాచీ ఉంది. గోడలకు స్వెట్టర్లేమిటి, ఇంత షాపు పెట్టినవాడు సున్నం వేయించుకోలేడా అని లోపల్లోపలే వెటకారం చేసుకున్నాడు. తనకు దొరికిన జవాబు మీదే వెక్కిరింత విసిరి బయటికొచ్చేశాడు, పాపం.

బిగించడానికి షాపు మనిషిని పంపుతామంటే వద్దన్నాడు. రసమట్టం, నూలుదారం పట్టుకుని రెండు రోజులు పనిచేశాడు. కుడి ఎడమల మధ్య వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు. స్పీకర్లకు స్టాండ్లు తనే గాజుతో చేశాడు. మధ్య స్పీకర్‌కు దుమ్ము పడుతుందని ముందు గాజు తలుపు పెట్టాడు. మాట వచ్చే నోటికే తలుపు వేశానన్న సంగతి ఆయనకు తట్టలేదు. సబ్‌వూఫర్‌ను మూలకు నెట్టాడు, కాళ్ళకు అడ్డం రాకుండా.

మొదటి సాయంత్రం భార్యను పిలిచి కూర్చోబెట్టి, పెళ్ళిచూపుల్లో కుర్రాడిలా పక్కన సర్దుకున్నాడు. సినిమా మొదలైంది. మొదటి దెబ్బకే కుడి గోడ నమూనాలన్నీ గజగజలాడాయి. వంటింట్లో సీసాలు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. ఆవిడ పది నిమిషాలు ఓపిక పట్టి లేచింది.

"ఇంట్లోకి లారీ వచ్చినట్టుంది. మనుషులు మాత్రం రాలేదు," అని చెప్పులేసుకుంది.

మళ్ళీ షాపుకెళ్ళాడు. మీ హాలు పెద్దదేమో, ఇంకాస్త పెద్దవి తీసుకోండన్నారు. పాతవి ఇచ్చి పెద్దవి తెచ్చాడు. సౌండ్ పెంచాడు. పెంచినకొద్దీ మాట మీద మాట పడి ముద్దైపోయింది. సంతలో నలుగురు ఒక్కసారి అరిచినట్టుంది తప్ప, ఎవరు ఎవర్ని తిడుతున్నారో తెలియలేదు. ఆయనా తిట్టాడు, స్పీకర్లను, వైర్లను, సినిమా తీసినవాళ్ళను. ఆ కోపంలో ఒకరోజు తన అద్దాల షాపులో మంచి పలక ఒకటి వంకరగా కోసి పారేశాడు. ముప్ఫై ఏళ్ళలో అలా జరగడం అదే మొదలు.

పుండు మీద కారం చల్లడానికి తోడల్లుడున్నాడు. అతను ట్యాక్సీ తోలతాడు, నోరు కూడా అదే వేగంతో తోలతాడు. "అన్నయ్యా, సినిమా మీ ఇంట్లో చూడు. కథ మాత్రం మా ఇంటికొచ్చి తెలుసుకో," అన్నాడు. మేస్త్రి మూడు రోజులు అతని ముఖం చూడలేదు.

చివరికి పంతం చంపుకుని స్పీకర్ల షాపు ఫిట్టర్‌ను పిలిపించాడు. బట్టతల మనిషి, నెమ్మదస్తుడు. ముందు ఆ గాజు తలుపు తీయించాడు. తర్వాత సబ్‌వూఫర్‌ను ఎత్తి సరాసరి సోఫాలో, భార్య కూర్చునే చోట కూర్చోబెట్టాడు. డప్పులు మోగే ముక్క ఒకటి మళ్ళీ మళ్ళీ వచ్చేలా పెట్టి, "ఇప్పుడు మీరు మోకాళ్ళ మీద గోడ వెంట తిరగండి మేస్త్రిగారూ. చెవి కిందికి పెట్టి వినండి. ఎక్కడ డప్పు ఎక్కువా తక్కువా కాకుండా సమంగా వినిపిస్తుందో, పెట్టె అక్కడ పెడదాం. మనిషి కూర్చునే చోటుకీ పెట్టె ఉండే చోటుకీ లెక్క ఒకటే," అన్నాడు.

యాభై ఆరేళ్ళ మనిషి లుంగీ ఎగగట్టి నేల మీదికి దిగాడు. మూలలో డప్పు ఉబ్బిపోయింది, కిటికీ కింద అసలు వినిపించలేదు. ఎడమ గోడకు సగంలో కుదిరింది. కుదిరిందో లేదోనని ఇంకో రెండు చుట్లు పాకాడు. పరదాలు లేని ఇల్లు, మధ్యాహ్నం వేళ, పైగా డప్పుల మోత. వీధిలో పోయేవాళ్ళు ఆగకుండా ఎలా ఉంటారు? సరిగ్గా అప్పుడే భార్య చెల్లెలి ఇంటినుంచి అరువు తెచ్చుకున్న గరిటెతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వీధికి కనిపించింది అంతవరకే.

వీధికి వినిపించనిది ఇది. "ఏం పోగొట్టుకున్నావ్?" అని ఆవిడ అడిగింది.

"నీ చెవి," అన్నాడు మేస్త్రి తల ఎత్తకుండా, విసుగ్గా.

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. ఆయన నోరు జారానని నాలిక కరుచుకున్నాడు, కానీ పైకి లేవడానికి మోకాళ్ళు సహకరించలేదు.

పెట్టెను ఎడమ గోడకు మార్చారు. గజగజ తగ్గింది. మాట మాత్రం ఇంకా ముద్దగానే ఉంది. అప్పుడు ఫిట్టర్ హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టాడు. అది ఒక్కటిగా ఆగలేదు, కుడి గోడకూ ఎడమ కిటికీలకూ మధ్య టరటరమని పరుగెత్తింది.

"స్పీకర్లది తప్పు కాదు. అవి ఒకసారి చెప్పిన మాటను మీ అద్దాలు నాలుగుసార్లు చెబుతున్నాయి. రెండు చెవులున్నవాళ్ళం ఎలాగో సర్దుకుంటాం, ఒక్క చెవితో వినేవాళ్ళకు కష్టం. ఆ గోడకూ కిటికీలకూ దళసరి గుడ్డ వేయండి, కింద ఏదైనా పరవండి," అన్నాడు.

మేస్త్రి అతనికి మర్యాదగా టీ ఇచ్చి పంపేశాడు. గుడ్డ మాట మళ్ళీ ఎత్తనివ్వలేదు. నాలుగు రోజులు సాయంత్రాలు స్విచ్చి వేయకుండా, ఎదుటి అద్దంలో ఒంటరిగా కూర్చున్న తన్నే చూసుకుంటూ గడిపాడు. అది ఏ సినిమా కంటే కూడా విసుగ్గా ఉంది.

అయిదో రోజు తోడల్లుడి ఇంటికెళ్ళాడు. ఇరుకు గది. దండెం నిండా బట్టలు, మూల పరుపుల దొంతర, తలుపుకు పాత దుప్పటి తెర. మేస్త్రి మధ్యలో నిలబడి చప్పట కొట్టాడు. చప్పట అక్కడే చచ్చిపోయింది. ఇంకోటి కొట్టాడు.

"ఎవరికన్నయ్యా ఆ చప్పట్లు?" అన్నాడు తోడల్లుడు.

"మీ ఉతికిన బట్టలకి," అని మేస్త్రి ఇంటిదారి పట్టాడు.

అద్దాలకు చుట్టే బొంతలు షాపులో డజనున్నాయి. డాబా మీద గంటసేపు గాజుపొడి పోయేదాకా దులిపాడు. కుడి గోడ మొత్తం కప్పాడు. కిటికీలకు కట్టాడు. గాజు బల్ల తీసేసి నేల మీదా బొంతలు పరిచాడు. తన చేత్తో మేకు కొట్టిన ప్రతిసారీ ఎవరి మీదో తెలియని తిట్టు ఒకటి నోట్లోంచి వచ్చింది. టీవీ వెనక అద్దాన్ని మాత్రం ముట్టుకోలేదు. గుమ్మం అందులో ఎప్పటిలాగే కనిపిస్తోంది. ఇల్లు గోడౌన్‌లా తయారైంది. ఇక నమూనా చూద్దామని వచ్చినవాళ్ళు బొంత ఎత్తి తొంగిచూడాల్సిందే.

ఆ సాయంత్రం భార్య వచ్చి చుట్టూ చూసింది. ఎప్పుడూ సోఫా కుడి కొసన కూర్చునే మనిషి ఎడమ కొసకు జరిగింది, వినిపించే చెవి మధ్య స్పీకర్ వైపుకు వచ్చేలా. దాంతో ఇన్నేళ్ళూ ఆవిడ ఎడమ పక్కన కూర్చున్న మేస్త్రి కుడి పక్కకు వచ్చి పడ్డాడు. సినిమా నడిచింది. ఒక చోట ఆవిడ ఆయన కంటే ముందే నవ్వింది. మేస్త్రి గుండె నిండిపోయి, తన అలవాటు కొద్దీ ఒక జోకు వేశాడు. తర్వాత ఇంకొకటి.

ఆవిడ తిరిగి చూసింది. "ఇన్నాళ్ళూ పక్కన కూర్చుని ఇంత వాగుతున్నావా? నోరు మూసుకుంటే సినిమా వింటాను," అంది.

నాలుగేళ్ళుగా తన జోకులన్నీ పోయిన చెవిలో వేస్తున్నానని మేస్త్రికి అప్పుడు తెలిసింది. బొంతలు కప్పినందుకంటే దీనికే ఎక్కువ ఉడుక్కున్నాడు. అయినా ఆవిడ చివరిదాకా కూర్చుంది. లేస్తూ, ఇంత చక్కగా వినిపించాక తెలిసింది, సినిమాలో పస లేదని తీర్పు చెప్పింది. ఇప్పటికీ వారంలో రెండు రోజులు చెల్లెలి ఇంటికి వెళుతూనే ఉంది, కబుర్ల కోసమట.

కర్ర కథ ఇంకా వీధిలో తిరుగుతూనే ఉండడంతో, ఎదురింటి పెద్దమ్మ ఒకరోజు సరాసరి షాపు మెట్టు మీద చతికిలబడి అడిగేసింది. ఊహించుకుని చెప్పడం కంటే అడిగి తెలుసుకోవడం మేలు కదా. "ఇదిగో మేస్త్రీ, ఉన్నదున్నట్టు చెప్పు. మీ ఆవిడ నిన్ను మోకాళ్ళ మీద నడిపించిందా లేదా?"

మేస్త్రి పలక మీద గీత పూర్తిగా లాగి, రెండు చేతులా పట్టి టక్కున విరిచాడు. ముక్క పక్కన పెట్టాడు.

"నడిపించలేదు పెద్దమ్మా. వెళ్ళి రెండిళ్ళ అవతల కూర్చుంది, అంతే. మోకాళ్ళు వాటంతటవే వంగాయి."