ముప్పై రోజుల బాబాయి

మా బాబాయికి మనుషులు కనపడరు, రంగులే కనపడతాయి. మున్సిపల్ ఆఫీసులో ఊరి మ్యాపుకి రంగులు వేసే ఉద్యోగం ఆయనది. ఇళ్లకి పసుపు, దుకాణాలకి నీలం, ఫ్యాక్టరీలకి ఊదా, పార్కులకి ఆకుపచ్చ. ఏ రంగున్న చోట ఆ పనే చెయ్యాలి, ఇంకోటి చేస్తే నోటీసు.

ఆ పిచ్చి ఇంటిక్కూడా తెచ్చాడు. ఇంటి మ్యాపు గీసి ఫ్రిజ్ మీద అంటించాడు. వంటగది ఊదా. "పొగొస్తోందిగా," అన్నాడు. పిన్ని ఆ పూట పొయ్యి వెలిగించలేదు. కాలేజీ మానేసొచ్చి నేను పడుకునే మూలకి అసలు రంగే లేదు. "ఖాళీ స్థలం" అని రాశాడు.

కూరలో ఉప్పెక్కువైందని నేను గొణిగినా పిన్ని కంటే ముందు ఆయనే అందుకుంటాడు. "అభ్యంతరముంటే రాసివ్వరా. ముప్పై రోజులు గడువు."

ఇలా కాదని ఇంటి ముందు రేకుల షెడ్డు వేసి బైకులు బాగుచెయ్యడం మొదలుపెట్టాను. నాలుగు నెలల్లో కాస్త పేరొచ్చింది. సరిగ్గా అప్పుడే కొత్త మ్యాపు ముసాయిదా ఆఫీసు గోడకెక్కింది. మా వీధి మొత్తం పసుపు! అంటే షెడ్డు పీకెయ్యాల్సిందే. ఇంటి దీపమని ముద్దుపెట్టుకుంటే మూతి కాలడమంటే ఇదే.

"ఏం బాబాయ్, నా షెడ్డు కళ్లబడలేదా?"

"పాత మ్యాపులో ఇళ్లే ఉన్నాయిరా. అభ్యంతరముంటే..."

"రాసిస్తాలే! ఆ ముప్పై రోజుల మాట ఇంకోసారి అన్నావంటే నీ పెన్సిళ్లన్నీ నమిలేస్తా."

రాసిచ్చాను. షెడ్డు కొలతల్లేవని తిప్పి పంపాడు. మళ్లీ ఇచ్చాను. తేదీ లేదన్నాడు. మూడోసారి, "ఆఫీసుకి రాసేటప్పుడు 'ఒళ్లు మండిపోతోంది' అనకూడదురా," అన్నాడు.

ఆ నెలంతా సాయంత్రమైతే చాలు, కొలిచే టేపు పట్టుకుని మాయమయ్యేవాడు. అడిగితే "వాకింగు" అనేవాడు. టేపుతో వాకింగేమిటో!

ఆఫీసులో అభ్యంతరాల మీద విచారణ రోజు నా కాగితం ఒక్కటే ఉంటుందనుకుంటూ వెళ్లాను. అధికారి బల్ల మీద పంతొమ్మిదున్నాయి. టైలరు, ఇస్త్రీ ఆయన, ట్యూషన్లు చెప్పే టీచరమ్మ, అరుగు మీద చెప్పులు కుట్టే తాత... మా వీధి వీధంతా బెంచీల మీదే ఉంది. అందరి కాగితాల్లోనూ కొలతలున్నాయి, తేదీలున్నాయి. ఒక్కదాంట్లోనూ ఒళ్లు మండలేదు.

"ఇన్ని కొలతలు ఎవరు తీశారయ్యా?" అధికారి అడిగాడు.

తాత వేలెత్తి బాబాయిని చూపించబోయాడు. బాబాయి పెన్సిలు చెక్కుకోవడంలో మునిగిపోయాడు.

చివరికి వీధికి నారింజ రంగు పడింది. ఇళ్లూ ఉండొచ్చు, చిన్న పనులూ చేసుకోవచ్చు.

దారిలో నిలదీశాను. "ఆ నారింజేదో ముందే నువ్వు వేసుంటే పోయేదిగా?"

"నీకోసం నేను మారిస్తే, తన బావమరిది కోసం ఇంకొకడు మళ్లీ మారుస్తాడు. పంతొమ్మిది మంది అడిగి వేయించుకున్న రంగుని చెరపడం కష్టంరా."

ఇంటికొచ్చి చూస్తే ఫ్రిజ్ మీద నా మూల కూడా నారింజ అయింది. "వాడుకలో ఉంది" అని రాసి, కింద చిన్న అక్షరాలతో: అభ్యంతరాలకు ముప్పై రోజులు గడువు.

నాకేం లేవు. పిన్ని మాత్రం వంటగది గురించి నాలుగు పేజీలు రాస్తోంది. కొలతలతో సహా.