మంచినీళ్ల పండుగప్పలు

అన్న పోయిన పదకొండో రోజు వదిన నన్ను చేపల కుంట గట్టు మీదికి తీసుకెళ్లింది. నీళ్లలోకి చూస్తూ అడిగింది. "మరిదీ, గివి ఎన్నడు గుడ్లు పెడ్తయ్? మీ అన్న గీ వానకాలం పెడ్తయన్నడు."



ఆరేళ్ల కిందట నేను పత్రికలో పండుగప్ప మీద ఒక కథనం రాశాను. సముద్రపు చేపే అయినా మంచినీళ్లలో పెరుగుతుందని, మంచి ధర పలుకుతుందని రాశాను. అందులో అబద్ధం లేదు. గుడ్లు ఎక్కడ పెడుతుందో మాత్రం నేను ఎవరినీ అడగలేదు.

అది చదివి అన్న కోస్తా నుంచి పండుగప్ప పిల్లలు తెచ్చి, కొల్లాపూర్ దగ్గరి తన కుంటలో వదిలాడు. నెల తిరక్కుండానే సగం కనిపించలేదు. పండుగప్ప తన పొడవులో సగమున్న చేపను కూడా మింగేస్తుంది. పెద్దవి చిన్నవాటిని తినేశాయి. అప్పటి నుంచి ఆయన మధ్యలో వల కట్టి, సైజు చూసి వేరుచేసేవాడు. మేతకు జిలేబీ చేపలు పట్టి వేసేవాడు. ఆయన గట్టెక్కితే చాలు, నీళ్లు కదిలేవి.

బాగా పెద్దవాటిని ఆయన అమ్మలేదు. పండుగప్పల్లో చాలావరకు ముందు మగవిగా ఎదిగి, బరువు పెరిగాక ఆడవవుతాయి. అది ఆయనకు చెప్పింది నేనే.

"మగది ఆడదయితదట, ఇన్నవానే?" అనేవాడు వదినతో.

"నువ్వు గూడ అయితే మంచిగుండు. జర పొయ్యికాడికన్న వస్తవు" అనేది ఆమె.

రెండేళ్ల కిందట కోస్తాలో చేపలు పెంచే ఒకాయన నాతో మాటల్లో అన్నాడు: ఎంత పెరిగినా మంచినీళ్లలో అవి గుడ్లు పెట్టవు, దానికి ఉప్పునీళ్లు కావాలి, నది సముద్రంలో కలిసే చోటికి పోవాలి. అన్నకు చెప్పడానికే బస్సెక్కాను. అప్పటికి ఆయన కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు దవాఖానకు పోతున్నాడు. మంచం కుంట పక్కనే వేయించుకున్నాడు.

"తమ్మీ, గీ పెద్దయి పిల్లలు పెట్టనీ. ఊళ్లె కుంటలున్నోళ్లందరికి ఊకెనే ఇస్త. కోస్తకు ఎవ్వడు పోవద్దు" అన్నాడు.

పత్రికలో ఎన్నో సవరణలు వేసినవాణ్ని. ఆ రోజు చాయ్ తాగి తిరిగొచ్చాను.

వదిన ఇప్పుడు రోజూ తనే జిలేబీలు వేస్తోంది. కొనేవాళ్లొస్తే వానకాలం దాటనియ్యమంటోంది. ఆమెకు నేనింకా చెప్పలేదు.