పీచు ప్రెస్సులో అమ్మ గజ్జెలు

నిన్న మా ఆఫీసులో లిఫ్టు బాగుచేసేవాళ్లు, లోపల మనిషి ఉన్నాడని స్విచ్‌కు ఎర్ర తాళం వేశారు. ఉద్దానంలో పీచు మిల్లుల పక్కన పెరిగిన నేస్తాలూ, మన తాళం గుర్తుందా? గజ్జెలు!

మనిషి లోతు ఇనుప పెట్టెలో దిగి, గజ్జెలు కట్టుకున్న కాళ్లతో అమ్మ కొబ్బరిపీచు తొక్కేది. లోపలేముందో కనబడని అవతలి వైపు, స్విచ్ దగ్గర అమ్మ తమ్ముడు అప్పన్న మావ ఉండేవాడు. గజ్జెల చప్పుడు ఆగిందంటే అమ్మ బయటికి వచ్చేసినట్టే. అప్పుడు మావ పైనుంచి ఇనుప పలక దించేవాడు. పీచు అణిగి గట్టి బేలు మూటయ్యేది.

ఓ రోజు స్కూల్లో డాన్సుకని ఆ గజ్జెలు అడిగాను.

"అట్టుకెళ్లు. బయటికొచ్చాక మావకి నేను కేకేత్తాన్లే," అంది అమ్మ.

మధ్యాహ్నం అన్నానికి గజ్జెలతోనే మిల్లుకొచ్చాను. పెట్టె ఇవతలి తలుపులోంచి చూస్తే అమ్మ ఇంకా తొక్కుతూనే ఉంది. చప్పుడు లేదు కదా, అలవాటుకొద్దీ మావ చెయ్యి స్విచ్ మీదికి పోతోంది. మావ వైపు పరిగెత్తాను. నా కాళ్లు ఘల్లుమన్నాయి.

మావ చెయ్యి వెనక్కి లాక్కుని అమ్మని కేకేశాడు.

"అప్పా, ఇంకా లోనే ఉన్నావేటి?"

"లోనే ఉన్నాన్రా. కేకేత్తానన్నాను గదా!"

సాయంత్రం స్టేజీ మీద నేను ఉత్తకాళ్లతో ఆడాను.