భుజం తట్టిన మనిషి

కుట్టుమిషన్ ముందు కూర్చుంటే ఆవిడకి ప్రపంచంతో పనిలేదు. పుట్టినప్పటి నుంచీ వినపడదు కాబట్టి, ప్రపంచానికే ఆవిడతో పనుంటే ఎదురుగా వచ్చి నిలబడాలి. లేదా వెనక నుంచి భుజం తట్టాలి. వినపడని వాళ్ళలో అదే పిలుపు. అందులో తప్పు పట్టడానికేం లేదు.

తప్పు పట్టిన పోలీసు మహానుభావుడు ఒకడున్నాడు. ఆవిడ భర్త వడ్రంగి, ఆయనకీ వినపడదు. కిందటేడు బస్టాండులో ఆ పోలీసు జేబులోంచి తాళాలు జారిపడితే, ఈ మంచిమనిషి తీసి ఇద్దామని వెనక నుంచి భుజం తట్టాడు. ఆ పోలీసు తన మీదే చెయ్యి చేసుకుంటున్నాడనుకుని, ఈయన చేతులు రెండూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు. చేతులతో మాట్లాడే మనిషికి అది నోరు నొక్కినట్టే. ఇక ఎంత గద్దించి అడిగితే మాత్రం ఏం చెప్తాడు? సాయంత్రానికి వదిలేశారు. అప్పటి నుంచి ఆయన ఇల్లు కదిలితే ఒట్టు. పనంతా వెనక వరండాలోనే.

అందుకే, కొత్త పోలీసులకు రకరకాల మనుషులతో మసలుకోవడం నేర్పుతున్నారని, వినపడని వాళ్ళ తరఫున ఎవరైనా రావాలని కబురు రాగానే ఆవిడ ఒప్పేసుకుంది. సైగల్ని మాటల్లో చెప్పడానికి చెల్లెల్ని వెంటబెట్టుకెళ్ళింది. నిజం చెప్పాలంటే, పోలీసుల్ని బాగుచేద్దామని కాదు. మొగుడు మళ్ళీ వీధిలో నడవాలి, అంతే.

కుర్రపోలీసులు మంచివాళ్ళే. కాకపోతే వినపడదని చెప్పాక కూడా చెవి దగ్గరకొచ్చి గొంతు చించుకునేవాళ్ళు. ఎదురుగా రండి, వెలుగులో నిలబడండి, మా చేతులు పట్టుకోకండి అని ఆవిడ విసుక్కోకుండా చెప్పిందే చెప్పేది. క్షమించమనడం లాంటి నాలుగు సైగలూ నేర్పింది.

చివరి తరగతిలో పరీక్ష పెట్టారు. ఎవరో వెనక నుంచి భుజం తడతారు, కుర్రాళ్ళు ఏం చేస్తారో చూడాలి. తట్టడానికి వస్తానన్న మనిషి జ్వరంతో పడ్డాడు. ఆవిడ భర్తని బతిమాలింది. ఆయన మొహం తిప్పుకున్నాడు. తీరా బయల్దేరే వేళకి ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

ముందుగా ఒక బక్కపలచటి పొడుగు కుర్రాడి వంతు వచ్చింది. భుజం మీద చెయ్యి పడగానే నేర్చుకున్నదంతా గాలికెగిరిపోయి, గిర్రున తిరిగి ఆయన మణికట్లు రెండూ పట్టేసుకున్నాడు. ఆయన మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. ఈ మనిషిని అనవసరంగా తీసుకొచ్చానే అని తన్ను తాను తిట్టుకుంటూ ఆవిడ లేచింది.

అంతలోనే కుర్రాడికి తను చేసిందేమిటో తెలిసొచ్చింది. చేతులు వదిలేసి, వెనక్కి అడుగేసి, క్షమించమని సైగ చెయ్యబోయాడు. వేళ్ళు చిక్కుపడి అది ఎటూ కాకుండా పోయింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ తప్పే.

చెక్క కాస్త వంకరగా తెగినా ఊరుకోని మనిషి, ఇది చూస్తూ ఎలా ఊరుకుంటాడు? వడ్రంగి ముందుకొచ్చి, ఆ కుర్రపోలీసు చెయ్యి తన చేతిలోకి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటే సరిచేశాడు.

“ఇలాగేనా, బాబాయ్?” అని నోటితో అడిగి, నాలిక కరుచుకుని, కుర్రాడు సైగతో అడిగాడు.

ఆయన తలూపాడు. మావీ చూడండంటూ మిగతావాళ్ళు చేతులు చాపారు. వాళ్ళందరి వేళ్ళూ సరిచేసేసరికి భోజనాల వేళ దాటిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో మేకులు అయిపోయాయి. ఎప్పటిలా ఆవిడ చెప్పులేసుకోబోతే, నువ్వుండు, నేను వెళ్ళొస్తానన్నాడు. తోడొస్తాననబోయి ఆవిడ ఊరుకుంది. ఆయన మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి, కరువుతీరా ఏడ్చింది.